పాతకాలపు మగవాళ్ల టోపీ ఏ కాలానిదో తేల్చడం ఎలా?

"ఈ టోపీ ఏ సంవత్సరానిది?" అని ఒక ఫొటో జతచేసి అడిగేవాళ్లు చాలామంది. ఆ ఫొటోలో టోపీ పైనుంచి చక్కగా కనిపిస్తుంది. నాకు కావలసింది మాత్రం లోపల, తోలు పట్టీ వెనకాల దాక్కుని ఉంటుంది. అది చూడకుండా ఎవరైనా సంవత్సరం చెబితే నమ్మకండి, నేను చెప్పినా సరే.

పాత టోపీకి ఫలానా సంవత్సరం అని ముద్ర వేయడం చాలా అరుదు. మనం తేల్చగలిగేది ఒక అవధి: ఇంతకంటే ముందుది కాదు, ఇంతకంటే తర్వాతది కాదు. ఆ అవధిని ఎంత బిగించగలిగితే అంత మంచిది. దీనికి పునాదిగా ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. టోపీలో అన్నిటికంటే కొత్త భాగం ఏదో, టోపీ దానికంటే పాతది కాలేదు. పాతగా కనిపించే పది ఆనవాళ్లున్నా, 1963లో పుట్టిన గుర్తు ఒక్కటి కనిపిస్తే ఆ టోపీ 1963కు ముందుది కాదు. ఆ గుర్తున్న భాగం తర్వాత అతికించింది అయితే తప్ప.

ఇంకా ముందుకు వెళ్లేముందు నాలుగు మాటలు. తలపైన నిలిచే భాగం క్రౌన్. చుట్టూ ఉండే అంచు బ్రిమ్. లోపల నుదుటికి తగిలే తోలు పట్టీ స్వెట్‌బ్యాండ్. క్రౌన్ లోపల కుట్టిన పట్టుగుడ్డ అస్తరు. బొచ్చును నేయకుండా తడిపి, ఒత్తి, గట్టిపరిస్తే వచ్చేది ఫెల్ట్.

కావలసినవి

- పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం
- సన్నటి టార్చి, దంతవైద్యులు వాడేలాంటి చిన్న అద్దం
- మెత్తటి టేపు (సెంటీమీటర్లు, అంగుళాలు రెండూ ఉన్నది)
- అతినీలలోహిత కాంతి ఇచ్చే చిన్న టార్చి (నోట్లు పరీక్షించేది సరిపోతుంది)
- నైట్రైల్ చేతి తొడుగులు, మాస్కు
- నోటుపుస్తకం, పెన్సిలు. పెన్ను దగ్గర పెట్టుకోవద్దు. ఒక్క సిరా చుక్క పడితే మళ్లీ పోదు.

తొడుగులు, మాస్కు ఎందుకంటే, పాత ఫెల్ట్ టోపీల్లో పాదరసం మిగిలి ఉండవచ్చు. కుందేలు, బీవర్ బొచ్చు బాగా అతుక్కోవడానికి దానికి పాదరసపు నైట్రేటు పూసేవారు. ఆ పనిలో ఉన్న కార్మికుల చేతులు వణికేవి, మతి చలించేది. అమెరికా ప్రజారోగ్య శాఖ ఈ వాడకాన్ని 1941 డిసెంబరులో ఆపించింది. అంతకుముందు టోపీ ఏదైనా అనుమానించాల్సిందే. దులపకండి, ఊదకండి, ఇస్త్రీ ఆవిరి పట్టకండి. పిల్లల తలమీద పెట్టి ఫొటో తీయడం అస్సలు వద్దు.

1. ముందు ఫొటోలు, తర్వాతే చేతులు

పైనుంచి, పక్కనుంచి, అడుగునుంచి, అస్తరు, స్వెట్‌బ్యాండ్ చుట్టూ, రిబ్బన్ ముడి, అన్నీ తీయండి. టోపీని తిప్పేటప్పుడు ఊడిపడే కాగితపు ముక్క ఎక్కడనుంచి వచ్చిందో తర్వాత చెప్పగలిగేది ఆ ఫొటోయే. ఊడిన ముక్కను చిన్న కవరులో వేసి, టోపీతోపాటే ఉంచండి.

2. రకం గుర్తించండి

దీనికి ఎక్కువసేపు పట్టదు. మెత్తగా ఉండి చేతితో నొక్కితే వంగేది సాఫ్ట్ ఫెల్ట్. గుండ్రటి క్రౌన్, కొయ్యలా గట్టిగా ఉన్నది బౌలర్. బౌలర్‌ను లండన్‌లో థామస్, విలియం బౌలర్ 1849లో ఎడ్వర్డ్ కోక్ అనే ఖాతాదారు కోసం లాక్ అండ్ కో టోపీల సంస్థ ఇచ్చిన ఆర్డరు మీద తయారుచేశారు. కాబట్టి ఎంత పాతగా కనిపించినా దానికి అదే మొదటి గీత, అంటే అవధికి ముందువైపు హద్దు. మెరిసే నల్లటి పొడవు టోపీ అయితే నూగు దగ్గర భూతద్దం పెట్టండి. అసలైన పట్టు ప్లష్‌లో (నూగు పైకి వచ్చేలా నేసిన గుడ్డలో) పోగులు ఒకే దిక్కుకు పడుకుని, నీటిపొరలా మెరుస్తాయి. ఆ ప్లష్ నేత 20వ శతాబ్దం మధ్య తర్వాత ఆగిపోయింది. అందుకే నిజమైన పట్టు టోపీ పాతదే అయి ఉంటుంది. ఇప్పుడు కొత్తగా చేసి అమ్మేవి ఉన్ని ఫెల్ట్‌వో, బొచ్చు ఫెల్ట్‌వో, కృత్రిమ నూగువో.

గట్టి టోపీలన్నిటికీ ఒక హెచ్చరిక. వాటికి బిగువు ఇచ్చేది లక్క. వేడికి లక్క మెత్తబడుతుంది. ఒకసారి నేను ఒక బౌలర్ అంచు సరిచేద్దామని కెటిల్ ఆవిరి పట్టాను. రెండు నిమిషాల్లో అంచు జారి, అలలు తిరిగింది. వందేళ్ల వంపు అలా పోయింది. ఎండలో నిలబెట్టిన కారులో కూడా వదిలేయకండి.

3. స్వెట్‌బ్యాండ్ వెనక చూడండి

అసలు పని ఇక్కడే, కాబట్టి నిదానంగా. టోపీని మెత్తటి తువ్వాలు మీద తలకిందులుగా పెట్టి, వెనకవైపు (చిన్న ముడి ఉన్న చోట) స్వెట్‌బ్యాండ్‌ను వేలితో మెల్లగా బయటికి మడవండి. తోలు వంగితే సరే. ఎర్రటి పొడి రాలుతున్నా, పెళుసుగా చిటపటమన్నా వెంటనే ఆపండి. అది తోలు చచ్చిపోయిందన్న సూచన. బలవంతం చేస్తే తోలు చీలుతుంది, దానితోపాటు టోపీ విలువ కూడా పోతుంది. అప్పుడు అద్దం, టార్చి వాడండి. సందులో అద్దం దూర్చి చూస్తే చీటీలు చాలావరకు చదవవచ్చు. నూనె పూసి తోలును మెత్తపరచవద్దు. ఆ నూనె ఫెల్ట్‌లోకి దిగి, మచ్చ బయటికి తేలుతుంది.

వెనక ఏమేమి కనిపించవచ్చు: సైజు చీటీ, కార్మిక సంఘం చీటీ, తయారీ నంబరు, పేటెంటు వివరం, రంగు లేదా మోడలు పేరు. ప్రతిదాన్నీ ఉన్నది ఉన్నట్టుగా, తప్పు స్పెల్లింగుతో సహా రాసుకోండి.

ఇక కుట్టు. స్వెట్‌బ్యాండ్ కుట్టిన చోట ఫెల్ట్‌మీద భూతద్దం పెట్టండి. సూది రంధ్రాలు ఒకే వరుసలో ఉండాలి. ఖాళీ రంధ్రాల రెండో వరుస కనిపిస్తే పట్టీ మార్చారన్నమాట. అప్పుడు పట్టీమీదున్న పేరు, చీటీలు ఈ టోపీవి కాకపోవచ్చు. తోలుమీద చెమట మరక గీత ఎక్కడ ఉందో, ఫెల్ట్ లోపల మరక అక్కడే ఉందో లేదో పోల్చండి. రెండూ కలిసి ముసలివైన టోపీలో ఆ గీతలు కలుస్తాయి.

4. కార్మిక సంఘం చీటీ చదవండి

అమెరికా టోపీలకు ఇంత నమ్మదగిన సాక్షి ఇంకొకటి లేదు. చీటీమీద యునైటెడ్ హ్యాటర్స్ ఆఫ్ నార్త్ అమెరికా అని ఉంటే, ఆ సంఘం 1896లో ఏర్పడి 1934 దాకా ఆ పేరుతో ఉంది. 1934లో క్యాప్‌లు, ఆడవాళ్ల టోపీలు చేసే కార్మికుల సంఘంతో కలిసి యునైటెడ్ హ్యాటర్స్, క్యాప్ అండ్ మిల్లినరీ వర్కర్స్ ఇంటర్నేషనల్ యూనియన్ అయింది. యునైటెడ్ హ్యాటర్స్ పేరులో మిల్లినరీ అన్న మాట కనిపించిందా, టోపీ 1934కు ముందుది కాదు.

పాత సంఘం చీటీకి నాలుగు వైపులా తపాలా బిళ్లకున్నట్టు చిల్లుల అంచు ఉండేది. విడిగా దొరికే చీటీలను దొంగ దుకాణదారులు అంటిస్తున్నారని, చీటీ టోపీకి కుట్టి ఉందో లేదో చూడమని సంఘమే కొనేవాళ్లను హెచ్చరించేది. ఇప్పటికీ అదే పరీక్ష. కుట్టి ఉందా, జిగురు పెట్టి అతికించారా చూడండి.

చీటీ లేదని నిరాశ పడవద్దు. సంఘాన్ని గడప తొక్కనివ్వని కర్మాగారాలు చాలా ఉండేవి. కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీలో లోవీ అనే తయారీదారు సంఘాన్ని ఒప్పుకోకపోతే సంఘం అతని సరుకును బహిష్కరించింది. ఆ గొడవ అమెరికా సుప్రీంకోర్టుకెక్కి, 1908లో సంఘానికి వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. టోపీల ఊరిగా పేరుపడ్డ డాన్‌బరీలోనే సంగతి అలా ఉండేది.

ఒక్కోసారి నీలి గద్ద బొమ్మతో ఎన్.ఆర్.ఎ. అని ఉన్న చీటీ దొరుకుతుంది. దొరికితే మీ పంట పండినట్టే. అది నేషనల్ రికవరీ అడ్మినిస్ట్రేషన్ అనే అమెరికా ప్రభుత్వ కార్యక్రమం గుర్తు. ఆ కార్యక్రమం 1933లో మొదలై, 1935 మేలో సుప్రీంకోర్టు కొట్టేయడంతో ఆగిపోయింది. రెండేళ్ల అవధి ఒక్క చీటీతో తేలుతుంది.

5. తయారీదారు పేరు, పక్కనున్న మాటలు

పేరు ఒక్కటే చూసి స్థాపించిన సంవత్సరం చెప్పేయడం ఎక్కువమంది చేసే తప్పు. స్టెట్సన్ 1865లో ఫిలడెల్ఫియాలో మొదలైంది, కానీ మీ స్టెట్సన్ నిరుడు అమ్మింది కూడా కావచ్చు. పేరుతోపాటు ఊరు, సంస్థ పూర్తి పేరు చూడండి.

- స్టెట్సన్: ఫిలడెల్ఫియా కర్మాగారం 1971లో మూతపడింది. ఆ తర్వాత పేరు లైసెన్సు మీద వేరే ఊళ్లలో తయారైంది. సెయింట్ జోసెఫ్ అనో గార్లండ్ అనో ఉంటే ఆ తర్వాతి కాలాన్ని అనుమానించండి. ఫిలడెల్ఫియా అన్న మాట చిహ్నంలో అలంకారంగా మిగిలి ఉండవచ్చు, కాబట్టి అదొక్కటే చాలదు. స్ట్రాటోలైనర్ అనే మోడలుకు పేరిచ్చిన బోయింగ్ విమానం మొదటిసారి ఎగిరింది 1938 చివరి రోజున. టోపీ అంతకంటే ముందు పుట్టదు.
- నాక్స్: 1838లో న్యూయార్క్‌లో మొదలు. లోపల హ్యాట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అని ఉంటే 1932 లేదా ఆ తర్వాత. నాక్స్, డన్‌లాప్, డాబ్స్, కవనా పేర్లన్నీ ఆ గొడుగు కిందికి వచ్చింది అప్పుడే.
- మాలరీ: డాన్‌బరీ, 1823. 1946లో స్టెట్సన్ దీన్ని కొనేసింది. రెండు పేర్లూ కలిసి కనిపిస్తే దాని తర్వాతే.
- బోర్సలీనో: ఇటలీలోని అలెస్సాండ్రియా, 1857. కుటుంబంలో చీలిక వచ్చి, 20వ శతాబ్దం మొదట్లో జి.బి. బోర్సలీనో ఫు లాజరో పేరుతో రెండో సంస్థ నడిచింది. అస్తరుమీద ఈ పొడవు పేరుంటే అది నకిలీ అని పారేయకండి.
- లాక్ (1676), క్రిస్టీస్ (1773): లండన్. వీటికి స్థాపన సంవత్సరం ఏమాత్రం పనికిరాదు, ఈ రోజు చేసే టోపీమీద కూడా అదే ఉంటుంది. రాజకుటుంబానికి సరుకు ఇచ్చే సంస్థలు వేసుకునే రాజముద్ర ఉంటే, దాని కింది మాట చూడండి. హిజ్ మెజెస్టీ ది కింగ్ అంటే 1901 నుంచి 1952 లోపు, లేదా 2022 తర్వాత. హర్ మెజెస్టీ ది క్వీన్ అంటే విక్టోరియా కాలం కావచ్చు, 1952 తర్వాత కావచ్చు. రాజుగారి భార్య పేరుమీద ఇచ్చిన ముద్రలు కూడా ఉంటాయి కనుక పేరు పూర్తిగా చదవండి.

తయారీదారు పేరు లేక, అమ్మిన దుకాణం పేరే బంగారు అక్షరాల్లో ఉంటే బెంగ వద్దు. దుకాణం చిరునామా మారిన తేదీలు పాత పత్రికల ప్రకటనల్లో దొరుకుతాయి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉచితంగా పెట్టిన పాత పత్రికల్లో దుకాణం పేరు, వీధి పేరు కలిపి వెతకండి. నాకు ఇలా తేలినన్ని టోపీలు తయారీదారు పేరుతో తేలలేదు.

6. చిన్న అక్షరాలు

- పేటెంటు నంబరు: అమెరికా పేటెంట్లలో 10 లక్షల నంబరు 1911లో, 20 లక్షలు 1935లో, 30 లక్షలు 1961లో వచ్చాయి. నంబరు అసలు తేదీ గూగుల్ పేటెంట్స్‌లో ఒక్క నిమిషంలో దొరుకుతుంది. ఇది మొదటి గీత మాత్రమే. అదే పట్టీ ఇరవై ఏళ్లు తయారై ఉండవచ్చు. నంబరు లేకుండా పేటెంటు తేదీ ఒక్కటే ఉంటే అది 1927కు ముందు అలవాటు.
- వృత్తంలో ఆర్ గుర్తు: ఆ గుర్తును అమెరికా చట్టంలోకి తెచ్చిన ట్రేడ్‌మార్కు చట్టం 1947లో అమలైంది. ఉంటే దాని తర్వాతిదే.
- ఊరి పేరు తర్వాత ఒకటి రెండు అంకెల తపాలా జోను: 1943 నుంచి 1963. అయిదంకెల జిప్ కోడ్: 1963 తర్వాత.
- అమెరికాకు దిగుమతైన టోపీలో దేశం పేరు: 1890 సుంకాల చట్టం దీన్ని తప్పనిసరి చేసింది, 1891 నుంచి అమలు.
- బార్‌కోడ్ చీటీ: 1974 తర్వాత. నవ్వకండి, "విక్టోరియా కాలం" అని అమ్మిన టోపీలో నేను చూశాను.

7. సైజు

57 సెంటీమీటర్ల టోపీ అమెరికాలో 7⅛, బ్రిటన్‌లో 7. టేపుతో స్వెట్‌బ్యాండ్ లోపల చుట్టుకొలత తీసి, చీటీతో పోల్చండి. ఏ లెక్కతో సరిపోతుందో చూస్తే ఏ మార్కెట్టుకు చేశారో తెలుస్తుంది. ఏ లెక్కకూ కుదరకపోతే పట్టీ మార్చారేమో, ఫెల్ట్ కుంచించుకుపోయిందేమో చూడాలి. తోలు ఎండి అరసైజు తగ్గడం మాత్రం మామూలే.

8. చీకటి గదిలో పరీక్ష

దీపాలార్పి అతినీలలోహిత టార్చి వేయండి. సైజు చీటీ కాగితం, కుట్టు దారం, అస్తరు చూడండి. కాగితం, దారం నీలి తెలుపుగా మండినట్టు వెలిగితే వాటిలో తెల్లదనం పెంచే రసాయనం ఉంది. అది మామూలు వాడకంలోకి వచ్చింది 1950 ప్రాంతంలో. ఒక్క దారం వెలిగితే మరమ్మతు. చీటీ, దారం, అస్తరు కుట్టు అన్నీ వెలిగితే టోపీ మొత్తంగా తర్వాతది. అయితే సబ్బుతో ఉతికిన అస్తరు కూడా వెలుగుతుంది, కాబట్టి అస్తరు ఒక్కదాన్నీ నమ్మి తీర్పు ఇవ్వకండి.

9. ఆకారం చివర్లోనే

బ్రిమ్ వెడల్పు, రిబ్బన్ వెడల్పు, క్రౌన్ ఎత్తు కొలవండి. 1940ల్లో వెడల్పాటి బ్రిమ్‌లు, వెడల్పాటి రిబ్బన్లు ఎక్కువ. 1960ల మొదటికి బ్రిమ్ రెండంగుళాలకు, అంతకంటే తక్కువకు సన్నబడింది, రిబ్బనూ దానితోపాటే. కానీ బ్రిమ్ కత్తిరించవచ్చు, క్రౌన్‌ను కొత్త అచ్చుమీద ఎక్కించవచ్చు. పెద్దవయసువాళ్లు తమ యవ్వనంలోని ఫ్యాషనే చివరిదాకా కొనేవారు. అందుకే ఆకారం అవధిని కాస్త బిగించడానికే పనికొస్తుంది, అవధిని పెట్టడానికి కాదు.

రిబ్బన్ అసలుదో కాదో తెలుసుకోవడానికి దాని అంచు ఒక మిల్లీమీటరు ఎత్తి చూడండి. ఏళ్ల తరబడి అక్కడే ఉన్న రిబ్బన్ కింద ఫెల్ట్ రంగు ముదురుగా, తాజాగా ఉంటుంది. కింద కూడా బయటిలాగే వెలిసి ఉంటే రిబ్బన్ ఈమధ్య వేసినది.

10. అన్నీ కలపండి

ఒక టోపీ తీసుకుందాం. స్వెట్‌బ్యాండ్‌మీద నాక్స్, న్యూయార్క్. కింద హ్యాట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా: 1932 లేదా ఆ తర్వాత. వెనక మిల్లినరీ మాట ఉన్న సంఘం చీటీ, కుట్టి ఉంది: 1934 లేదా ఆ తర్వాత. దుకాణం చిరునామాలో రెండంకెల తపాలా జోను: 1943 నుంచి 1963. ఆర్ గుర్తు లేదు. లేకపోవడాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు, వదిలేయండి. చీకటి గదిలో సైజు చీటీ వెలిగింది: 1950 ప్రాంతం తర్వాత. బ్రిమ్ రెండంగుళాలు, కత్తిరించిన ఆనవాలు లేదు. నోటుపుస్తకంలో ఇలా రాస్తాను: "1950–1963, బహుశా చివరి సగం." ఏ ఆనవాలు ఏ గీత పెట్టిందో పక్కనే రాస్తాను. రేపు ఒక ఆనవాలు తప్పని తేలితే మళ్లీ మొదటినుంచి రావాల్సిన పని ఉండదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పెట్టెను నమ్మడం. టోపీ పెట్టెలు, టోపీలు విడివిడిగా చేతులు మారుతాయి. మంచి లండన్ పెట్టెలో ఉందని ఒక టోపీకి రెట్టింపు ఇచ్చి కొన్నాను. ఇంటికొచ్చి పట్టీ వెనక చూస్తే అది ఇంకో దేశపు మామూలు ఉన్ని టోపీ. కొనేముందు పట్టీ వెనక ఫొటో అడగడం అప్పటినుంచి మానలేదు. అమ్మేవాళ్లు ఇవ్వనంటే నేను కొనను.

ఎక్స్‌లు లెక్కపెట్టడం. స్టెట్సన్ లోపల 3ఎక్స్, 7ఎక్స్ అన్నవి నాణ్యత గుర్తులు. వాటి అర్థం కాలంతోపాటు మారింది. పాత 7ఎక్స్‌నూ ఇప్పటి అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకండి. దాన్నిబట్టి కాలం కట్టడం అసలే కుదరదు.

ఇంటిపేరు, పొడి అక్షరాలు చూసి మురిసిపోవడం. స్వెట్‌బ్యాండ్‌మీద యజమాని పొడి అక్షరాలు చిల్లులుగా గుచ్చి ఉంటాయి. అవి ప్రసిద్ధుడివే అని చెప్పే కథకు రుజువు అడగండి. రుజువు లేకపోతే కథకు డబ్బు ఇవ్వవద్దు.

శుభ్రం చేశాక పరీక్షించడం. వరుస తారుమారు చేయకండి. చెమట మరక, దుమ్ము గీత, వెలిసిన రంగు అన్నీ సాక్షులే. తేల్చడం పూర్తయ్యాకే మెత్తటి బ్రష్‌తో, నూగు పడుకున్న దిశలో మాత్రమే, మాస్కు పెట్టుకుని దువ్వండి.

ఫలితం సరిచూసుకోవడం

మీ అవధి రాసుకున్నాక ఒక రోజు ఆగి, దాన్ని పడగొట్టడానికి ప్రయత్నించండి. ఒకదానికొకటి సంబంధం లేని ఆనవాళ్లు కనీసం మూడు ఒకే అవధిలో పడాలి. సంఘం చీటీ, దుకాణం చిరునామా, దారం, ఇవి మూడూ వేర్వేరు చేతులు పెట్టినవి. తయారీదారు పేరు, చిహ్నం, అస్తరు ముద్ర మాత్రం ముగ్గురు సాక్షులు కాదు, ఒక్కరే. తర్వాత ఆ కాలపు కేటలాగులు, పత్రికా ప్రకటనలు చూసి అదే మోడలు, అదే అక్షరాల తీరు దొరుకుతుందేమో వెతకండి. వీలైతే ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్ హ్యాట్ వర్క్స్, అలెస్సాండ్రియాలోని బోర్సలీనో మ్యూజియం లాంటి చోట్ల కాలం తెలిసిన టోపీలను దగ్గరనుంచి చూడండి. కుట్టు దూరం, తోలు మందం ఫొటోల్లో అందవు.

తేలాక దాచడం

సాఫ్ట్ ఫెల్ట్‌ను బ్రిమ్ మీద నిలబెట్టకండి, వంపు చదునవుతుంది. ఆమ్లం లేని పల్చటి కాగితం క్రౌన్‌లో నింపి, తలకిందులుగా పెట్టండి. పురుగు పట్టిన ఫెల్ట్ అయితే గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. ఆ సంచిని తిండి పదార్థాలకు దూరంగా పెట్టండి. బయటికి తీశాక టోపీ గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి, లేకపోతే తేమ పడుతుంది. లక్క పెట్టిన బౌలర్‌నూ పట్టు టోపీనీ ఫ్రీజర్‌లో పెట్టవద్దు, లక్క పగులుతుంది. చీటీ రాసి టోపీలో అంటించకండి. విడి కార్డుమీద పెన్సిల్‌తో రాసి, కాగితంలో చుట్టి క్రౌన్‌లో ఉంచండి. జిగురుతో అంటిస్తే మీ తర్వాత దీన్ని పరీక్షించేవాళ్లకు మీ చీటీ కూడా ఒక అనుమానమే అవుతుంది.